మీరడిగారు, మేం చెప్తున్నాం: ఈసారి అంతా నెవాడా

పోయిన సంచికలో అమెరికా పశ్చిమ రాష్ట్రాల మీద చిన్న క్విజ్ ఇచ్చాం కదా, అందులో నెవాడా గురించి అడిగింది ఒక్కటే ప్రశ్న, "తన రాజ్యాంగం మొత్తాన్ని టెలిగ్రాంలో పంపించి రాష్ట్రం అయింది ఏది" అని. ఉత్తరాలు మాత్రం దాని మీదే ఎక్కువ వచ్చాయి. నెవాడా అంటే లాస్ వేగస్ ఒక్కటే అనుకునేవాళ్ళం, ఇంత కథ ఉందా అని చాలామంది రాశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం నెవాడాకే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న: రాజ్యాంగాన్ని టెలిగ్రాంలో పంపడం ఏంటండీ? పోస్టులో పంపితే సరిపోయేది కదా, అంత తొందరేం వచ్చింది?

పోస్టులో పంపారండీ, అదే అసలు విషయం. 1864 సెప్టెంబర్ 7న నెవాడా జనం ఓటేసి రాజ్యాంగాన్ని ఒప్పుకున్నారు. అప్పటికింకా అది టెరిటరీ, అంటే రాష్ట్రం హోదా లేకుండా ఫెడరల్ ప్రభుత్వం కింద ఉండే ప్రాంతం, గవర్నర్ పేరు జేమ్స్ నై. ఆయన కాపీ ఒకటి భూమార్గంలో, ఇంకొకటి సముద్రం మీదుగా వాషింగ్టన్ కి పంపించాడు. అక్టోబర్ చివరికొచ్చినా రెండిట్లో ఒక్కటీ చేరలేదు. ప్రెసిడెంట్ లింకన్ చేతికి కాపీ అందందే రాష్ట్రంగా ప్రకటించడం కుదరదు, అటు చూస్తే నవంబర్ 8న దేశమంతా ప్రెసిడెంట్ ఎన్నికలు, ఆలోపు రాష్ట్రం అయితేనే నెవాడా ఓటు లెక్కలోకి వస్తుంది.

దాంతో నై మొత్తం రాజ్యాంగాన్ని తంతి మీద కొట్టించమన్నాడు. 16,543 మాటలు! కార్సన్ సిటీ ఆఫీసులో ఆపరేటర్ కూర్చుని ఒక్కో అక్షరం మోర్స్ లో, చుక్కలు గీతలుగా గంటల తరబడి కొడుతూనే ఉన్నాడు. అలాగని అది నేరుగా వాషింగ్టన్ పోదు, అప్పట్లో అంత దూరం ఒకే లైన్ లేదు. ముందు సాల్ట్ లేక్ సిటీకి పోవాలి, అక్కడి ఆపరేటర్ విని రాసుకుని మళ్ళీ మొదటినుంచి షికాగోకి కొట్టాలి, షికాగో వాళ్ళు ఫిలడెల్ఫియాకి, వాళ్ళు వాషింగ్టన్ లో వార్ డిపార్ట్‌మెంట్ కి. అంటే 16 వేల పైచిలుకు మాటల్ని నాలుగుచోట్ల మనుషులు చేత్తో కొట్టారన్నమాట, మధ్యలో ఒక చెయ్యి తప్పు కొడితే ఆ తప్పు రాజ్యాంగంలోకి ఎక్కేస్తుంది. అప్పటిదాకా అంత పొడుగు టెలిగ్రాం ఇంకెవరూ పంపలేదు. ఖర్చు కూడా వేల డాలర్లలో అయింది, ఆ రోజుల్లో అది మామూలు సొమ్ము కాదు. అక్టోబర్ 31న లింకన్ ప్రకటన మీద సంతకం పెట్టాడు, నెవాడా 36వ రాష్ట్రం అయింది. ఎన్నికలకి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు.

ఆ టెలిగ్రాం రాతప్రతి 175 పేజీలు, దాన్ని వాషింగ్టన్ లో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు ఇప్పటికీ దాచి ఉంచారు. నాకైతే ఈ మొత్తం కథలో సాల్ట్ లేక్ ఆపరేటరే ఎక్కువ గుర్తుంటాడు. వాళ్ళ రాష్ట్రం కాదు, వాళ్ళ రాజ్యాంగం కాదు, ఐనా మాట పోకుండా విని మాట పోకుండా తిరిగి కొట్టాలి.

ప్రశ్న: మీ క్విజ్ జవాబులో "నెవాడా వెండి అంతర్యుద్ధానికి కావాలి కాబట్టి రాష్ట్రం చేశారు" అని రాశారు. వెండి అప్పటికే టెరిటరీలో ఉంది కదా, దానికోసం రాష్ట్రం చెయ్యాల్సిన పనేంటి? నాకు లాజిక్ అర్థం కాలేదు.

మీరు పట్టుకుంది కరెక్ట్, మేం రాసింది తప్పు, దిద్దుకుంటున్నాం. ఈ మాట ఎంత బాగా నాటుకుపోయిందంటే నెవాడాలోనే చాలామంది ఇప్పటికీ ఇదే చెప్తారు. కానీ మీరన్నట్టు 1861 మార్చిలో టెరిటరీ అయినప్పటినుంచే అది యూనియన్, అంటే లింకన్ వైపు రాష్ట్రాల చేతిలో ఉంది, అక్కడి వెండి యూనియన్ వైపు మార్కెట్లోకే పోతోంది. టెరిటరీ అంటే ఫెడరల్ ప్రభుత్వానికి ఇంకా ఎక్కువ పట్టు ఉంటుంది కూడా. వెండి కోసమే ఐతే రాష్ట్రం చెయ్యకుండా వదిలేసినా నడిచేది.

అసలు కావాల్సింది ఓట్లు. 1864 ఆగస్టులో లింకన్ తను ఓడిపోతాననే అనుకున్నాడు, యుద్ధం తెగట్లేదు, జనం విసిగిపోయారు, సొంత పార్టీలోనే చీలిక. అంతకుముందే, ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ నెలల్లోనే, కాంగ్రెస్ నెవాడా, కొలరాడో, నెబ్రాస్కా మూడిటికీ రాష్ట్రాలు కండి అని దారి తీసి పెట్టింది, అందులో టైంకి అందుకుంది నెవాడా ఒక్కటే. నెబ్రాస్కా 1867లో, కొలరాడో ఐతే 1876లో గానీ కాలేదు. రెండో కారణం ఇంకా పెద్దది, బానిసత్వాన్ని రద్దు చేసే 13వ సవరణ. అది కాంగ్రెస్ లో గట్టెక్కాలన్నా, తర్వాత రాష్ట్రాలు ఆమోదించాలన్నా ప్రతి ఓటూ కావాలి. 1865 జనవరి 31న ప్రతినిధుల సభలో ఓటింగ్ జరిగినప్పుడు నెవాడా నుంచి వెళ్ళిన ఒకే ఒక్క సభ్యుడు హెన్రీ వర్దింగ్టన్ అవుననే ఓటేశాడు, ఫిబ్రవరిలో రాష్ట్రం కూడా ఆమోదించింది. ఆ తర్వాత రంగును బట్టి, జాతిని బట్టి ఓటు హక్కు కాదనకూడదు అన్న 15వ సవరణ వచ్చినప్పుడు 1869 మార్చి 1న దేశంలో అందరికన్నా ముందు ఆమోదించింది నెవాడాయే. వెండి కథ కన్నా ఇది చెప్పుకుంటేనే ఆ రాష్ట్రానికి గౌరవం అని నా అభిప్రాయం.

అప్పటికి నెవాడా జనాభా ఎంత అని కూడా అడిగారు. 1860 లెక్కల్లో అక్కడున్నది 6,857 మంది. నాలుగేళ్ళలో బాగా పెరిగారు నిజమే, ఐనా మామూలు రోజుల్లో ఐతే రాష్ట్రం హోదాకి ఆ జనాభా ఏ మూలకీ చాలదు. వాళ్ళ జెండా మీద "యుద్ధంలో పుట్టింది" అని రాసుకుంటారు, అది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం.

ప్రశ్న: నెవాడాకి మూడు ఎలక్టోరల్ ఓట్లు అని చదివాను, ఇంకోచోట లింకన్ కి అక్కడినుంచి రెండే పడ్డాయని ఉంది. ఏది కరెక్ట్?

రెండూ కరెక్టే. ప్రెసిడెంట్ ని ఎన్నుకోవడానికి రాష్ట్రం తరఫున ఓటేసేవాళ్ళని ఎలక్టర్లు అంటారు, వాళ్ళ ఓట్లే ఎలక్టోరల్ ఓట్లు. రాష్ట్రానికి వచ్చినవి మూడు, పడినవి రెండు. మూడో ఎలక్టరు మంచులో చిక్కుకుపోయి సమావేశానికి రాలేకపోయాడు, ఆయన బదులు ఇంకొకర్ని పెట్టడం కూడా అవ్వలేదు. అందుకే లింకన్ కి మొత్తం మీద 212 ఓట్లు, లేకపోతే 213 అయ్యేవి. అవతల పోటీ చేసిన మెక్లెలన్ కి వచ్చినవి 21 కాబట్టి ఆ ఒక్క ఓటు వల్ల నష్టమేం లేదు, కానీ ఆ మూడు ఓట్ల కోసమే కదా అంత పొడుగు టెలిగ్రాం కొట్టించారు!

ప్రశ్న: నెవాడా అనాలా, నెవ్యాడా అనాలా?

అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు "నెవ్యాడ" అంటారు, "వ్యా" మీద నొక్కి, మన "బ్యాట్"లో "బ్యా" లాగా. "నెవాడా" అంటే వీడు బయటివాడు అని వెంటనే తెలిసిపోతుంది, ఎన్నికల ప్రచారానికి వచ్చిన లీడర్లు తప్పు పలికితే అక్కడికక్కడే దిద్దుతారు కూడా. స్పానిష్ లో మాటకి మంచు కప్పినది అని అర్థం, సియెరా నెవాడా కొండల పేరు నుంచి తీసుకున్నారు. తమాషా ఏంటంటే దేశంలో అన్నిటికన్నా తక్కువ వాన పడే రాష్ట్రం అది. మనం తెలుగులో నెవాడా అని రాయడం అలవాటు కాబట్టి ఇక్కడ అలాగే ఉంచుతున్నాను.

ప్రశ్న: అక్కడ వెండిని మొదట బురద అనుకుని పారేశారట, నిజమేనా?

నిజమే. 1859లో వర్జీనియా సిటీ ఉన్న కొండ దగ్గర వాళ్ళు వెతికింది బంగారం. మట్టి కడుగుతుంటే నల్లటి నీలం రంగు బంక లాంటిది అడ్డం పడేది, బరువుగా ఉండేది, తొట్లలో ఇరుక్కుపోయేది, తిట్టుకుంటూ పక్కకి విసిరేసేవాళ్ళు. చివరికి ఎవరికో అనుమానం వచ్చి కొంచెం తీసుకెళ్ళి కాలిఫోర్నియాలో పరీక్ష చేయిస్తే టన్నుకి 800 డాలర్ల పైన బంగారం, దాదాపు 3,000 డాలర్ల వెండి ఉందని తేలింది. అంతే, కాలిఫోర్నియా నుంచి జనం కొండలు దాటుకుని పరుగో పరుగు.

ఆ నిక్షేపానికి కామ్‌స్టాక్ లోడ్ అని పేరు. హెన్రీ కామ్‌స్టాక్ దాన్ని కనిపెట్టలేదు, మొదట తవ్వినవాళ్ళు పీటర్ ఓరైలీ, ప్యాట్రిక్ మెక్‌లాక్లిన్, ఈయన వచ్చి ఈ నేల నాది, ఈ నీళ్ళు నావి అని వాటా పట్టాడు, నోరున్నవాడి పేరే నిలిచిపోయింది. ఐతే దాంతో బాగుపడిందీ లేదు, కింద ఎంతుందో తెలియక వాటా కొద్దిపాటి డబ్బుకి అమ్మేసుకున్నాడు, 1870లో మోంటానాలో తన ప్రాణం తానే తీసుకున్నాడు. వాళ్ళకన్నా ముందే అక్కడ వెండి ఉందని గుర్తుపట్టిన గ్రోష్ అన్నదమ్ములిద్దరూ 1857లోనే చనిపోయారు, ఒకరు కాలికి దెబ్బ తగిలి అది చెడి, ఇంకొకరు మంచులో కొండ దాటబోయి. కోట్లు చూసినవాళ్ళు తర్వాత వచ్చినవాళ్ళు.

ఇక్కడే ఇంకో మనిషి గురించి చెప్పాలి. ఆ వెండి పొర చాలా వెడల్పు, పైగా మెత్తగా విరిగిపోయే రకం, రెండు స్తంభాలు నిలబెట్టి పైన దూలం వేసే పాత పద్ధతి పని చెయ్యలేదు, గని కూలి మనుషులు పోతున్నారు. 1860లో ఓఫిర్ గని వాళ్ళు ఫిలిప్ డైడెస్‌హైమర్ అనే జర్మన్ ఇంజనీర్ ని పిలిపించారు. ఆయన మందపాటి దుంగలతో పెట్టెల్లాంటి చట్రాలు కట్టించాడు, ఒకదాని మీద ఒకటి, ఒకదాని పక్కన ఒకటి, తేనెపట్టులో గదుల్లాగా ఎటు కావాలంటే అటు పెంచుకుంటూ పోవచ్చు, ఖాళీ అయిన గదుల్లో పనికిరాని రాయి నింపేస్తే కొండ కదలదు. దీనికి ఆయన పేటెంట్ తీసుకోలేదు. మిగతా గనుల వాళ్ళు కూడా అదే పద్ధతి ఎత్తుకున్నారు, తర్వాత ప్రపంచంలో చాలాచోట్ల వాడారు. ఐతే ఆ దుంగలన్నీ ఎక్కడినుంచి రావాలి, టాహో సరస్సు చుట్టూ కొండల మీద అడవి నుంచే, ఆ వాలులన్నీ బోడి అయిపోయాయి.

ప్రశ్న: నెవాడాలో ఒంటెలు రోడ్డెక్కకూడదని చట్టం ఉండేదని క్విజ్ పుస్తకంలో చూశా. అమెరికాలో ఒంటెలేంటండీ?

ఉండేది, 1875లో చేశారు, 1899లో తీసేశారు. వెండి ముడిరాయిని పొడి చేసి పాదరసం, ఉప్పు కలిపి వేడి చేస్తేగానీ వెండి విడిపోదు, అందుకని మిల్లులకి ఉప్పు టన్నులు టన్నులు కావాలి. ఉప్పు చవుడు నేలలు ఎక్కడో ఎడారిలో ఉన్నాయి, మధ్యలో నీళ్ళు లేవు. 1860ల మొదట్లో ఆసియా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగిన రెండు మూపురాల ఒంటెల్ని కొన్నిటిని కొండలు దాటించి తెచ్చి ఉప్పు మోయించారు. పనైతే బానే చేశాయి గానీ వాటి వాసన తగిలితే చాలు గుర్రాలు, కంచర గాడిదలు బెదిరిపోయి బండ్లు పడేసి పారిపోయేవి. అందుకే పబ్లిక్ రోడ్డు మీద ఒంటెని వదిలితే నేరం అని చట్టం. పనిలేక వదిలేసినవి ఎడారిలో తిరుగుతూ చాలా ఏళ్ళు జనానికి కనిపిస్తూ ఉండేవి.

ప్రశ్న: జీన్స్ ప్యాంటు నెవాడాలోనే పుట్టిందంటాడు మా తమ్ముడు, శాన్‌ఫ్రాన్సిస్కో అంటాను నేను. పందెం వేసుకున్నాం.

తమ్ముడే గెలిచాడమ్మా, కానీ నువ్వు పూర్తిగా ఓడలేదు. రీనో ఊళ్ళో జేకబ్ డేవిస్ అని ఒక టైలర్ ఉండేవాడు, రీగా నుంచి వచ్చి స్థిరపడినవాడు, గుర్రాల మీద కప్పే దుప్పట్లు, గుడారాలు కుట్టేవాడు. 1870 చివర్లోనో 71 మొదట్లోనో ఒకావిడ వచ్చి మా ఆయన కట్టెలు కొడతాడు, ప్యాంట్లు నిలవట్లేదు, చిరగనిది ఒకటి కుట్టిపెట్టు అని మూడు డాలర్లిచ్చింది. కుట్టడం అయ్యాక చూస్తే బల్ల మీద గుర్రపు దుప్పటి పట్టీలకి కొట్టే రాగి రివెట్లు కనిపించాయి, జేబులు ముందు మూలల దగ్గరే చిరుగుతాయి కదా అని అక్కడ కొట్టేశాడు. ఆయన చేసిందల్లా అంతే! ఏడాదిన్నర తిరిగేసరికి వచ్చినవాళ్ళందరూ రివెట్ల ప్యాంటే కావాలన్నారు.

ఎవరైనా కాపీ కొడతారని భయం, పేటెంట్ కి కట్టడానికి చేతిలో డబ్బు లేదు. అప్పుడు తనకి గుడ్డ అమ్మే శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి లీవై స్ట్రాస్ కి 1872లో ఉత్తరం రాశాడు, మీరు ఫీజు కట్టండి, పేటెంట్ ఇద్దరి పేరా తీసుకుందాం అని. 1873 మే 20న పేటెంట్ వచ్చింది, నంబర్ 139,121. తర్వాత డేవిస్ కూడా శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి అక్కడ కుట్టు పని అంతా తనే చూసుకున్నాడు. పేరు మాత్రం లీవైస్ అనే నిలిచింది. కాబట్టి పుట్టిల్లు రీనో, మెట్టినిల్లు శాన్‌ఫ్రాన్సిస్కో అని ఇద్దరూ రాజీ పడండి.

ప్రశ్న: గనులు, వెండి అంటున్నారు బానే ఉంది. అంతకుముందు అక్కడ ఉన్నవాళ్ళ సంగతేంటి?

ఈ ప్రశ్న ఒక్కరే పంపారు, వాళ్ళకి థాంక్స్. ఆ నేల ఉత్తర పాయూట్, దక్షిణ పాయూట్, షొషోని, వాషో జనాలది. వాళ్ళకి చలికాలం తిండి అంటే పిన్యాన్ పైన్ చెట్ల గింజలు, ఊరంతా కలిసి కొండలెక్కి కోసుకొచ్చి వేయించి పిండి చేసుకుని చలికాలమంతా సరిపెట్టుకునేవాళ్ళు. గనులొచ్చాక ఆ చెట్లనే వంటచెరకుకి, కొలిమి బొగ్గుకి నరికేశారు. అడవి పోయిందని మనం తేలిగ్గా అనేస్తాం, వాళ్ళకది గాదె తగలబడ్డట్టు.

1860 వసంతంలో పిరమిడ్ లేక్ దగ్గర పాయూట్ పెద్దలు కూడారు, యుద్ధమా కాదా అని. నుమాగా అనే నాయకుడు వద్దన్నాడు, తెల్లవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఆయనకి తెలుసు, తిండి మానేసి పడుకుని మరీ బతిమాలాడు. ఆయన మాట్లాడుతుండగానే కబురొచ్చింది. విలియమ్స్ స్టేషన్ అనే మజిలీ దగ్గర ఉన్నవాళ్ళు ఇద్దరు పాయూట్ ఆడపిల్లల్ని ఎత్తుకెళ్ళి దాచారని, మనవాళ్ళు వెళ్ళి పిల్లల్ని విడిపించి ఆ స్టేషన్ తగలబెట్టారని, అక్కడున్నవాళ్ళు చచ్చారని. ఇంక మాటలతో ఆగేది కాదు. మే 12న దాదాపు వంద మంది తెల్ల వాలంటీర్లు, సరైన నాయకత్వం కూడా లేకుండా కసితో సరస్సు వైపు వచ్చారు, పాయూట్లు వాళ్ళని ఇరుకులోకి రానిచ్చి చుట్టేశారు, డెబ్బై మందికి పైగా చనిపోయారు. యుద్ధం వద్దన్న నుమాగాయే ముందు నిలబడి ఆ పోరు నడిపాడు. జూన్ లో పెద్ద సైన్యం వచ్చాక పాయూట్లు వెనక్కి తగ్గారు, తర్వాత మళ్ళీ శాంతి మాట్లాడింది కూడా ఆయనే. పిరమిడ్ లేక్ ఈరోజుకీ పాయూట్ల రిజర్వేషన్ లోనే ఉంది. క్విజ్ పుస్తకాల్లో ఒంటెలు ఉంటాయి, నుమాగా ఉండడు, నాకు బాధ అనిపిస్తుంది.

ప్రశ్న: లాస్ వేగస్ మొదట నెవాడాలో లేదంటే నమ్మొచ్చా?

నమ్మొచ్చు. 1864లో రాష్ట్రం అయినప్పుడు ఆ దక్షిణపు మూల ఆరిజోనా టెరిటరీది. 1866లో కాంగ్రెస్ కోసి నెవాడాకి ఇచ్చింది, 1867 జనవరిలో నెవాడా తీసుకుంది, ఆరిజోనా వాళ్ళు వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. అప్పటికి లాస్ వేగస్ ఊరే లేదు, నీటి ఊటలు, పచ్చిక ఉండేవి అంతే, పేరుకి అర్థం కూడా పచ్చిక బయళ్ళనే. 1905 మే 15న రైల్వే వాళ్ళు స్థలాలు వేలం వేశాకే ఊరు మొదలైంది.

ఈ సరిహద్దు గీత మారడం వల్ల దెబ్బతిన్న ఊరు ఇంకోటుంది, సెయింట్ థామస్. 1865లో మోర్మన్ అనే మతశాఖ కుటుంబాలు వచ్చి కాలవలు తవ్వుకుని పంటలు వేసుకున్నాయి, తామున్నది నెవాడాలో కాదనే అనుకున్నారు. సర్వే చేస్తే నెవాడాలో అని తేలింది, పాత పన్నులు కూడా కట్టండి, అదీ బంగారం వెండి నాణేల్లోనే కట్టండి అన్నారు. 1871లో దాదాపు అందరూ ఇళ్ళూ పొలాలూ వదిలేసి ఉటా వెళ్ళిపోయారు. తర్వాత వేరేవాళ్ళు వచ్చి మళ్ళీ ఊరు నిలబెట్టారు, ఈసారి కొలరాడో నది మీద కట్టిన హూవర్ డ్యాం నీళ్ళు వచ్చి ముంచాయి. 1938 జూన్ లో ఆఖరి మనిషి ఇంటి గుమ్మం దాకా నీళ్ళొచ్చాక పడవెక్కి వెళ్ళాడు. ఈమధ్య కరువుకి ఆ డ్యాం వెనకాల సరస్సు, లేక్ మీడ్ నీళ్ళు తగ్గేసరికి ఆ ఊరి పునాదులు, మెట్లు మళ్ళీ బయటపడ్డాయి, జనం వెళ్ళి వాటి మధ్య నడిచి వస్తున్నారు.

ప్రశ్న: హూవర్ డ్యాం కాంక్రీట్ లో కూలీల శవాలు ఉన్నాయని విన్నాం.

లేవండీ. ఆ కాంక్రీట్ ఒకేసారి నింపేసింది కాదు, విడివిడి దిమ్మెలుగా, ఒక్కోసారి ఐదడుగుల ఎత్తు చొప్పున పోశారు, ఒక్కో బకెట్ పడ్డప్పుడు దిమ్మె ఎత్తు కొన్ని అంగుళాలే పెరుగుతుంది, లోపల మనుషులు బూట్లతో తొక్కుతూ సర్దుతూ ఉంటారు, వాళ్ళ కళ్ళముందు ఇంకో మనిషి మునిగిపోవడం కుదరదు. లోపల ఉన్నవి పైపులు. కాంక్రీట్ గట్టిపడేటప్పుడు పుట్టే వేడి దానంతటది తగ్గాలంటే వందేళ్ళు పైనే పట్టేది, అందుకని 582 మైళ్ళ పొడుగు సన్న పైపులు వేసి చల్లనీళ్ళు తిప్పారు.

ప్రాణాలు మాత్రం పోయాయి, అధికారికంగా 96 మంది. ఎండదెబ్బకి, సొరంగాల్లో ఇంజన్ పొగ పీల్చి జబ్బుపడి పోయినవాళ్ళు ఆ లెక్కలో లేరు. ఆ లెక్క కాంక్రీట్ శవాల కథ కన్నా భయంకరం అనిపిస్తుంది నాకు.

ప్రశ్న: జూదం అక్కడ మొదటినుంచీ లీగలేనా?

కాదు. 1869లో ఒప్పుకున్నారు, 1910లో పూర్తిగా ఆపేశారు, 1931 మార్చి 19న మళ్ళీ తెరిచారు. అదే రోజు ఆరు వారాలు అక్కడ ఉంటే విడాకులు ఇచ్చే చట్టం మీద కూడా గవర్నర్ సంతకం అయింది. ఆర్థిక మాంద్యం రోజులు, గనులు పడుకున్నాయి. ఐతే డ్యాం కూలీల కోసం కట్టిన బౌల్డర్ సిటీలో జూదం అప్పుడూ లేదు, ఇప్పటికీ లేదు.

ప్రశ్న: అణుబాంబు పరీక్షల్ని టూరిస్టులు హోటళ్ళ మీంచి చూసేవారా?

చూసేవారు. 1951 జనవరి 27న మొదటిది పేలింది, లాస్ వేగస్ కి వాయవ్యంగా 65 మైళ్ళ దూరంలో. 1992 దాకా మొత్తం 928 పరీక్షలు, అందులో వంద ఆకాశం కిందే, మిగతావి భూమి లోపల. మేడల మీద పార్టీలు పెట్టుకుని తెల్లారుజామున ఆ వెలుగు చూసేవాళ్ళు. గాలి ఎక్కువగా తూర్పు వైపు వీచేది, బూడిద ఉటాలో పల్లెల మీద, పశువుల మీద, పిల్లలు ఆడుకునే చోట పడింది. అక్కడివాళ్ళకి క్యాన్సర్లు వచ్చాక పోరాడగా పోరాడగా 1990లో పరిహారం చట్టం వచ్చింది.

ప్రశ్న: ఎవరికీ తెలియని నెవాడా కథ ఒకటి చెప్పండి, ఇంటర్ చదువుతున్నా, కాలేజీ క్విజ్ లో నేనే అడగాలి.

పిండి బస్తా కథ తీసుకో అమ్మా. 1864 ఏప్రిల్, ఆస్టిన్ అనే గనుల ఊళ్ళో మేయర్ ఎన్నిక. రూల్ గ్రిడ్లీ అని కిరాణా కొట్టాయన ఒక పార్టీ మీద పందెం వేశాడు, ఓడినవాడు 50 పౌండ్ల పిండి బస్తా, అంటే 23 కిలోల దాకా, భుజాన వేసుకుని మైలు పైన నడవాలి. ఈయనే ఓడాడు. మాట ప్రకారం బస్తాకి రిబ్బన్లు, జెండాలు కట్టి మోసుకుంటూ నడిచాడు, వెనకాల బ్యాండు, ఊరంతా ఊరేగింపు.

చివరికొచ్చాక ఈ బస్తా ఏం చేద్దాం అంటే, యుద్ధంలో గాయపడిన సైనికులకి మందులూ కట్లూ చూసే శానిటరీ కమిషన్ కోసం వేలం వేద్దాం అన్నారు. కొన్నవాడు డబ్బిచ్చి, బస్తా నాకొద్దు, మళ్ళీ వేలం వెయ్యండి అన్నాడు. తర్వాతి వాడూ అంతే. ఆ ఒక్కరోజే వేల డాలర్లు వచ్చాయి. కబురు తెలిసి వర్జీనియా సిటీ వాళ్ళు పిలిచారు, గోల్డ్ హిల్ వాళ్ళు, శాక్రమెంటో, శాన్‌ఫ్రాన్సిస్కో, అక్కడినుంచి తూర్పు రాష్ట్రాల దాకా. గ్రిడ్లీ కొట్టు వదిలేసి బస్తా పట్టుకుని తిరిగాడు, ఊరూరా అదే బస్తా, అమ్మడం, తిరిగి తీసుకోవడం, మళ్ళీ అమ్మడం. మొత్తం రెండున్నర లక్షల డాలర్లకి పైగా పోగైంది, ఇందులో ఒక్క డాలరు కూడా ఆయన ఉంచుకోలేదు, దారి ఖర్చులు కూడా తనవే. పైగా ఆయన లింకన్ పార్టీ మనిషి కాదు, ఆ ఎన్నికలో ఓడిందే ఆయన పార్టీ. చివరికి ఆరోగ్యం పాడై, డబ్బంతా ఐపోయి, 1870లో కాలిఫోర్నియాలో చనిపోయాడు.

ఆస్టిన్ లో ఆయన రాతి కొట్టు ఇంకా నిలబడే ఉంది, బస్తా రీనోలో నెవాడా హిస్టారికల్ సొసైటీ వాళ్ళ దగ్గర ఉంది. క్విజ్ లో ప్రశ్న ఇలా పెట్టు: "ఒకే పిండి బస్తాని వందలసార్లు అమ్మారు, ఒక్కరూ ఇంటికి తీసుకెళ్ళలేదు, ఎందుకు?"